పిడికిలి గట్టిగా ఉంటే మెడ బాగున్నట్టేనా?

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం... ఏ ఊరి వాట్సాప్ గ్రూపు చూసినా ఈమధ్య ఒకటే మెసేజ్. దాని సారాంశం ఇది: "చేతులు మొద్దుబారితే కంగారుపడి ఎంఆర్ఐ కోసం డబ్బు తగలేయకండి. పిడికిలి గట్టిగా బిగించగలిగితే మెడలో వెన్నుపాముకి ఏమీ కానట్టే. అనుమానంగా ఉంటే పది సెకన్లలో ఎన్నిసార్లు పిడికిలి ముడిచి విప్పగలరో లెక్కపెట్టుకోండి. 20 దాటితే సేఫ్, తగ్గితే పక్షవాతం వస్తున్నట్టు. మెడ నొప్పి లేకపోతే అది మెడ జబ్బే కాదు, బి12 తక్కువైనట్టు. ఆపరేషన్ చేయించుకుంటే మంచాన పడతారు. మెడ విరిపించుకుంటే నరం దానంతటదే సర్దుకుంటుంది." కింద దండం పెట్టే బొమ్మ ఒకటి.

నేను ఫిజియోథెరపీ చేసేవాణ్ణి. ఇందులో ఆ పది సెకన్ల పరీక్ష నిజంగానే ఉంది, బి12 సంగతిలోనూ కొంత నిజం ఉంది. చదివినవాళ్లు మిగతాదంతా నమ్మేస్తున్నది ఆ కొంచెం నిజం వల్లే.

ముందు గట్టి పిడికిలి సంగతి. మెడ దగ్గర వెన్నుపాము నలిగినప్పుడు చాలామందిలో మొదట దెబ్బతినేది బలం కాదు, వేగం, పొందిక. కొబ్బరికాయ వలుపు పని చేసే ఒకాయన వచ్చాడు. గ్రిప్ మీటరు చేతికిస్తే ముల్లు నా పట్టుకి వెళ్లినదానికంటే పైకే వెళ్లింది. "పట్టు బానే ఉందండి బాబూ, చొక్కా గుండీలే పడట్లేదు" అన్నాడు. అరచేయి కిందికి పెట్టి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా పిడికిలి ముడిచి విప్పమన్నాను. ముడవడం బాగానే ఉంది. విప్పేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు తెరుచుకున్నాక ఉంగరంవేలు, చిటికెనవేలు ఆలస్యంగా, సగమే తెరుచుకుంటున్నాయి. వేళ్లు తెరవడానికి మణికట్టును కిందికి వంచుతున్నాడు, ముడవడానికి పైకి ఎత్తుతున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. వేళ్లు దగ్గరగా చేర్చి, చాపి అలాగే ఉంచమంటే కాసేపటికి చిటికెనవేలు పక్కకి జారిపోయింది. పట్టు మీటరు ఇవేవీ పట్టుకోదు, దాన్ని తయారుచేసింది బలం కొలవడానికి మాత్రమే.

పరీక్ష విషయానికొస్తే, దీన్ని జపాన్‌లో ఓనో అనే సర్జన్, ఆయన తోటివాళ్లు 1987లో వివరించారు. పైన చెప్పిన చిటికెనవేలు జారడం కూడా అదే వ్యాసంలోది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పది సెకన్లలో 20 సార్లు, అంతకు మించి చేస్తారన్నది అక్కడి లెక్క. మెసేజ్ రాసినవాళ్లు దీన్ని పాస్ మార్కులా మార్చేశారు. డెబ్బై ఏళ్ల మామ్మగారి వేళ్లు ఏ జబ్బూ లేకపోయినా నెమ్మదిస్తాయి. కీళ్లవాతం ఉన్నా, పార్కిన్సన్స్ ఉన్నా, ఎప్పుడో స్ట్రోక్ వచ్చి తగ్గినా లెక్క తగ్గుతుంది. కాబట్టి 17 వచ్చిందని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడాల్సిన పనిలేదు. అలాగే 22 వచ్చిందని ధీమా పడటానికీ లేదు. జబ్బు మొదట్లో ఉన్నవాళ్లు కొందరు 20 దాటిస్తారు. పైగా ఇంట్లో లెక్కపెట్టేటప్పుడు సగం తెరిచిందాన్ని కూడా ఒకటిగా కలిపేస్తారు. పూర్తిగా ముడిచి పూర్తిగా తెరిస్తేనే లెక్క, ఏ చేతికి ఆ చేయి విడిగా చేయాలి. ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తే దొంగలెక్క దొరికిపోతుంది. అదే మనిషికి మూడు నెలల తర్వాత మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది.

ఒక్క పరీక్షతో తేల్చరు కాబట్టే మిగతావి వచ్చాయి. తొమ్మిది చిన్న పుల్లలను పలకలోని తొమ్మిది రంధ్రాల్లో పెట్టి, మళ్లీ తీసేదాకా స్టాప్‌వాచ్‌తో కొలిచేది ఒకటి. నడివేలు గోరును చివర్న మీటినప్పుడు బొటనవేలు లోపలికి ముడుచుకుంటుందా అని చూసేది హాఫ్‌మన్ గుర్తు. అది ఏ జబ్బూ లేని కొందరిలోనూ కనిపిస్తుంది, జబ్బున్న కొందరిలో కనిపించదు.

ఇక జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి ఎక్కువగా వాడేది ఎంజేఓఏ అనే 18 మార్కుల స్కోరు. అందులో చేతుల పనికి 5, కాళ్లకు 7, స్పర్శకు 3, మూత్రం అదుపుకు 3. 15 నుంచి 17 వస్తే జబ్బు తేలిక, 12 నుంచి 14 మధ్యస్థం, 11 అంతకు తక్కువైతే తీవ్రం. దీని మూలం జపాన్ ఆర్థోపెడిక్ సంఘం స్కోరు. అందులో చాప్‌స్టిక్స్‌తో తినగలరా అని అడుగుతారు. పాశ్చాత్య దేశాలవాళ్లు దాన్ని మార్చుకుని చెంచా, చొక్కా గుండీలు పెట్టారు. మన దగ్గర ఈ రెండూ కాస్త తిరకాసే. ఇంట్లో లుంగీ, బనియన్‌తో తిరిగే పెద్దాయన గుండీ పెట్టుకుని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తుండదు. చెంచా పట్టుకునేది పాయసానికి. స్కోరు స్కోరే, ఆ ప్రశ్నలు మార్చే హక్కు నాకు లేదు, ఎదురుగా గుండీలున్న చొక్కా ఇచ్చి పెట్టిస్తాను. కానీ పక్కన ఇంకొన్ని అడుగుతాను: పంచె కుచ్చిళ్లు సరిగ్గా పెట్టుకోగలుగుతున్నారా? జాకెట్ హుక్కులు ఎవరు పెడుతున్నారు? చేప ముల్లు వేళ్లతో తెలుస్తోందా, నోట్లోకి వెళ్లాకేనా? నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లయితే నేను అడగక ముందే చెప్పేస్తారు. సూది కొక్కెం దారాన్ని అందుకోవడం లేదని, అల్లిక వదులవుతోందని వాళ్లకి అందరికంటే ముందు తెలుస్తుంది. నా దృష్టిలో ఆ మాటకి పట్టు మీటరు కంటే విలువెక్కువ.

"మెడ నొప్పి లేకపోతే మెడ జబ్బు కాదు" అన్నది ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసే వాక్యం. వెన్నుపాము నలుగుతున్నా మెడ నొప్పి లేనివాళ్లు చాలామందే ఉంటారు. అందుకే ముందు వేళ్లకు బ్యాండేజీలు, తర్వాత మణికట్టు నరానికి పరీక్షలు అంటూ కాలం గడిచిపోతుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటే తిమ్మిరి సాధారణంగా బొటనవేలు, చూపుడువేలు, నడివేలు, ఉంగరంవేలులో సగానికి ఉంటుంది, చిటికెనవేలు తప్పించుకుంటుంది, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి మామూలుగా పాదాల నుంచి మొదలవుతుంది, చీలమండ దగ్గర రిఫ్లెక్సులు (చిన్న సుత్తితో తట్టినప్పుడు దానంతటదే వచ్చే కదలిక) తగ్గుతాయి. వెన్నుపాము నలిగితే కాళ్ల రిఫ్లెక్సులు తరచుగా పెరుగుతాయి. రెండు చేతులూ మొరటుబారి, దాంతోపాటు చేనుగట్టు మీద నడిచేటప్పుడు తూలుతుంటే, మెడ వంచినప్పుడు వీపులోకి కరెంటు షాక్ కొట్టినట్టుంటే, నొప్పి ఉన్నా లేకపోయినా చూడాల్సింది మెడనే. నలిగిన సంగతి కళ్లకు కట్టేది ఎంఆర్ఐ. తిమ్మిరి పట్టిన ప్రతివాళ్లకీ అది అక్కర్లేదన్న మాట నిజమే, ఈ గుర్తులున్నవాళ్లకి మాత్రం కావాలి.

బి12 తక్కువైతే వెన్నుపాము దెబ్బతినడం నిజం. రక్తపరీక్ష చేయించుకోండి, తప్పులేదు. అది తక్కువని తేలినంత మాత్రాన మెడలో నొక్కు లేదని తేలినట్టు కాదు, రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

ఆపరేషన్ గురించి: మధ్యస్థ, తీవ్ర దశల్లో ఆపరేషన్ చేయాలనీ, తేలిక దశలో ఆపరేషన్ గానీ నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామ చికిత్స గానీ ఎంచుకోవచ్చనీ 2017లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. జబ్బు ముదరకుండా ఆపడం మొదటి లక్ష్యం. చాలామందికి చేతి పని కొంత తిరిగి వస్తుంది, అందరికీ పూర్తిగా రాదు. మింగడం కష్టమవడం, గొంతు బొంగురుపోవడం, భుజం బలహీనపడటం లాంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి, అవి సర్జన్‌ని ముందే అడిగి తెలుసుకోవాలి. "మంచాన పడతారు" అనే భయంతో వాయిదా వేసుకుంటూ పోయినవాళ్లలో కొందరు మంచాన పడేది ఆపరేషన్ చేయించుకోకపోవడం వల్ల.

మెడ విరవడం గురించి ఒక్కటే మాట: వద్దు. క్షౌరశాలలో గడ్డం గీశాక ఉచితంగా టక్కుమనిపించేదైనా సరే, తైలం రాసి తిప్పేదైనా సరే. ఇప్పటికే ఇరుకైన చోట నలుగుతున్న వెన్నుపాముకి ఆ ఒక్క కుదుపు చాలు. ఒకవేళ ఇప్పటికే విరిపించుకుని, ఆ తర్వాత చేతులు ఇంకా బరువెక్కినా, కాళ్లు బిగుసుకుపోయినా, మూత్రం రాకపోయినా, మర్నాటి దాకా ఆగకుండా ఆ రోజే న్యూరో సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.