ప్రమోషన్ ఇచ్చారు సరే, శిక్షణ ఏది?

పదిహేనేళ్లుగా ఒకటి నుంచి ఐదు తరగతులకు తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెబుతున్న ఒక ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచర్‌కి) హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ (ఫిజికల్ సైన్స్)గా ప్రమోషన్ వస్తుంది. కౌన్సెలింగ్‌కు వెళ్లి హైస్కూల్ కోరుకుంటారు, ఆర్డర్ తీసుకుంటారు, పాత బడిలో రిలీవై కొత్త బడిలో చేరతారు. ఇక ఆ వారంలోనే పదో తరగతి పిల్లల ముందు నిలబడి ఓమ్ నియమం చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తోంది. సైన్స్ టీచర్లుగా హైస్కూళ్లకు వెళ్తున్న వీళ్లకు ఆర్డర్ చేతిలో పెట్టి వదిలేయకుండా, ప్రమోషన్‌తో పాటే ఏడాది పాటు సాగే ఒక పీజీ డిప్లొమా చేయించాలని, దాని ఖర్చంతా ప్రభుత్వాలే పెట్టుకోవాలని మేం కోరుతున్నాం.

ఈ మాట టీచర్ల సత్తా మీద అనుమానంతో అంటున్నది కాదు. వాళ్లకు డిగ్రీ ఉంది, బీఈడీ ఉంది, సీనియారిటీ ఉంది. నిబంధన ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ బీఎస్సీ ఎప్పటిది? కొందరిది ఇరవయ్యేళ్ల కిందటిది, కొందరు ఉద్యోగం చేసుకుంటూనే డిగ్రీ, బీఈడీ పూర్తి చేసుకున్నారు, చాలామంది ల్యాబ్‌లో చేయి పెట్టింది డిగ్రీ రోజుల్లోనే. మధ్యలో గడిచిన కాలమంతా చిన్నపిల్లలకు చదవడం, రాయడం నేర్పించారు. అది హైస్కూల్లో పాఠం చెప్పడం కంటే తేలికేమీ కాదు, ఆ అనుభవం హైస్కూల్‌కూ అవసరమే. అయితే ఆ పనిలో కరెంటు, అయస్కాంతం, కర్బన సమ్మేళనాలు మూలన పడ్డాయి. పైగా వాళ్లు చదువుకున్న పుస్తకం ఇప్పుడు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) సిలబసే వచ్చింది. తెలుగు మీడియంలో చదువుకున్న టీచర్ ఇంగ్లిష్ మీడియం పిల్లలకు చెప్పాల్సి రావడం దీనికి అదనం.

ఇక్కడ మమ్మల్ని బాగా బాధపెట్టే విషయం ఒకటుంది. బీఈడీ చేసినవాళ్లను ప్రాథమిక పాఠశాలల్లోకి తీసుకోవచ్చని 2018లో ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, వాళ్లు చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేసి తీరాలని షరతు పెట్టింది. ఆ నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కొనసాగనిచ్చినా, బ్రిడ్జి కోర్సు మాత్రం తప్పనిసరి అయింది. పెద్ద తరగతులకు తయారైన మనిషి చిన్న తరగతులకు వెళ్తే మళ్లీ శిక్షణ కావాలని చట్టం ఒప్పుకుంటోంది. మంచిదే. మరి చిన్న తరగతుల నుంచి పదో తరగతి సైన్స్‌కు వెళ్లే మనిషికి అలాంటి కోర్సు ఎందుకు లేదు?

అసలు లోటు ఎక్కడుందో ఓమ్ నియమం ప్రయోగంలోనే చూడొచ్చు. బ్యాటరీ, స్విచ్, అమ్మీటర్, వోల్ట్‌మీటర్, ఒక తీగ. అమ్మీటర్‌ను శ్రేణిలో, వోల్ట్‌మీటర్‌ను తీగకు సమాంతరంగా కలపాలి. పొరపాటున అమ్మీటర్‌ను సమాంతరంగా కలిపితే దాని నిరోధం చాలా తక్కువ కాబట్టి కరెంటు ఒక్కసారిగా దూసుకుపోయి ముల్లు చివరికి కొట్టుకుంటుంది, మీటరే పాడవుతుంది. సరిగ్గా కలిపినా గ్రాఫ్ పుస్తకంలో ఉన్నంత సరళరేఖగా రాదు. స్విచ్ వేసి అలాగే వదిలేస్తే తీగ వేడెక్కి నిరోధం మారుతుంది, సెల్స్ నీరసించి ఉంటాయి, ఎక్కడో ఒక క్లిప్పు వదులుగా ఉంటుంది. "సార్, లైను వంకరగా వచ్చింది" అని పిల్ల అడిగినప్పుడు ఎందుకలా వచ్చిందో ఆ పిల్లతోనే వెతికించగలిగితే అది సైన్స్ పాఠం. ధైర్యం చాలకపోతే టీచర్ బోర్డు మీద సరళరేఖ గీసి, విలువలు రాసిచ్చి, రికార్డు నింపమంటారు. చాలా బళ్లలో సైన్స్ కిట్లు బీరువాలోనే ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదేనని మా నమ్మకం. పరికరం పాడైతే ఎవరు కట్టాలన్న భయం కూడా దీనికి తోడవుతుంది.

ఇంకో సంగతి. రెండు బల్బులు శ్రేణిలో కలిపితే మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది కాబట్టి రెండోది తక్కువ వెలుగుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. సూత్రం అప్పజెప్పిన పిల్ల కూడా లోపల ఇదే నమ్ముతుంది. బల్బులకు ముందొకటి, మధ్యలో ఒకటి, తర్వాత ఒకటి అమ్మీటర్లు పెట్టి అన్నిట్లో ఒకే రీడింగ్ వస్తోందని చూపిస్తే గానీ ఆ నమ్మకం కదలదు. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పుగా ఆలోచిస్తారో, దాన్ని ఏ ప్రయోగంతో సరిదిద్దాలో బీఎస్సీలో చెప్పరు, బీఈడీలో పైపైన తాకి వదిలేస్తారు. బయాలజీలోనూ అంతే. ఉల్లిపొరను మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు కవర్‌స్లిప్ కింద చిక్కిన గాలి బుడగల నల్లటి గుండ్రటి అంచులు చూసి పిల్లలు అవే కణాలనుకుని బొమ్మలు గీస్తారు. కవర్‌స్లిప్‌ను ఏటవాలుగా, మెల్లగా దించాలన్న చిన్న మెళకువ చేతితో చేసి నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు శిక్షణలు లేవా అంటే ఉన్నాయి. వేసవిలో కొన్ని రోజుల ఓరియంటేషన్, నెలనెలా చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు, దీక్షా యాప్‌లో ఆన్‌లైన్ కోర్సులు. ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఇవన్నీ ఇప్పటికే సబ్జెక్టు చెబుతున్నవాళ్లకు పదును పెట్టడానికి పనికొస్తాయి. కొత్త సబ్జెక్టులోకి అడుగుపెట్టే మనిషిని నిలబెట్టడానికి చాలవు. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి శిక్షణలో సగం సారం పోతుందని టీచర్లే చెబుతారు. వీడియో చూస్తే అమ్మీటర్ కలపడం రాదు.

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) సంగతి కూడా మాట్లాడాలి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి ఉన్న సర్వీసు టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, ప్రమోషన్‌కు కూడా టెట్ కావాలి. యాభై ఏళ్లు దాటిన టీచర్లు టెన్షన్‌తో మళ్లీ గైడ్లు పట్టుకున్నారు. తీర్పును మేం తప్పుబట్టడం లేదు. కానీ సైన్స్ విషయంలో టెట్ కొలిచేది చాలా తక్కువ. పేపర్-2 ఆరు నుంచి ఎనిమిది తరగతుల కోసం పెట్టింది, 150 మార్కుల్లో లెక్కలు, సైన్స్ కలిపి 60, అదీ బిట్ల రూపంలో. తొమ్మిది, పది తరగతుల సైన్స్ ఎలా చెబుతారో, ప్రయోగం చేయించగలరో లేదో అందులో తేలదు. టెట్ పాసైతే శిక్షణ అక్కర్లేదని ప్రభుత్వాలు అనుకుంటే నష్టపోయేది పిల్లలే.

ఐర్లండ్‌లో ఇలాంటి ఇబ్బందే లెక్కల్లో వచ్చింది. సెకండరీ స్కూళ్లలో లెక్కలు చెబుతున్న టీచర్లలో 48 శాతం మందికి ఆ సబ్జెక్టులో తగిన అర్హత లేదని 2009లో లిమరిక్ యూనివర్సిటీ అధ్యయనంలో తేలింది. అక్కడి ప్రభుత్వం వాళ్లను తిట్టలేదు, తీసేయలేదు. 2012లో లిమరిక్ యూనివర్సిటీ నాయకత్వంలో రెండేళ్ల పార్ట్‌టైమ్ ప్రొఫెషనల్ డిప్లొమా మొదలుపెట్టి, ఫీజు తనే భరించి, ఉద్యోగం చేసుకుంటూనే చదివించింది.

మనకు ఇది చేతకానిదేమీ కాదు. టీచర్లకు సర్వీసులో ఉండగా పెద్ద స్థాయి శిక్షణ ఇవ్వడానికే 1987లో కేంద్ర పథకం కింద ఐఏఎస్‌ఈలు (ఉన్నత విద్యాధ్యయన సంస్థలు), సీటీఈలు (టీచర్ ఎడ్యుకేషన్ కాలేజీలు) తెచ్చుకున్నాం. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ఒక ఐఏఎస్‌ఈ ఉంది, రాజమహేంద్రవరంలో ఒకటుంది. దక్షిణాది రాష్ట్రాలకు మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది. పనిచేస్తున్న టీచర్లకు వేసవిలో తరగతులు, మిగతా ఏడాది కరస్పాండెన్స్ పద్ధతిలో బీఈడీ నడిపిన అనుభవం ఈ ప్రాంతీయ సంస్థలకు ఎప్పుడో ఉంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల ల్యాబులు వేసవిలో ఖాళీగా ఉంటాయి. వేసవిలో నాలుగు వారాలు అక్కడ చేత్తో ప్రయోగాలు చేయించడం, బడులు తెరిచాక నెలకు రెండు శనివారాలు క్లాసులు, దగ్గర్లోని సీనియర్ సైన్స్ టీచర్ ఒకరు వచ్చి వీళ్ల పాఠం చూసి మాట్లాడటం, చివర్లో బిట్ల పేపర్ పెట్టకుండా ప్రాక్టికల్ పరీక్ష. సెంటర్ మాత్రం జిల్లాకు ఒకటైనా ఉండాలి, లేకపోతే ఇల్లు, పిల్లలు వదిలి రాలేని మహిళా టీచర్లకు ఇది శిక్షగా మారుతుంది.

ప్రమోషన్లు ఇప్పటికే కోర్టు కేసులతో ఏళ్లకేళ్లు ఆగుతున్నాయి, ఇంకో మెలిక పెడతారా అని టీచర్ల సంఘాలు అడగొచ్చు. ఆ భయం న్యాయమైనదే. అందుకే కోర్సును ప్రమోషన్‌కు ముందు షరతుగా పెట్టొద్దు. చేరిన మొదటి ఏడాదిలో చేయించండి, ఆ ఏడాది వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించండి, పూర్తి చేసినవాళ్లకు ఒక ఇంక్రిమెంట్ ఇవ్వండి. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు మా జవాబు ఒకటే: 2025 మెగా డీఎస్సీలో (టీచర్ల నియామకంలో) ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులు, 2024లో తెలంగాణ 11,062 పోస్టులు ప్రకటించాయి, అంటే టీచర్ల మీద ఖర్చు పెట్టడానికి రెండు ప్రభుత్వాలకూ మనసుంది. తర్వాతి ప్రమోషన్ల కౌన్సెలింగ్‌లో సైన్స్ స్కూల్ అసిస్టెంట్ల చేతికిచ్చే ఆర్డర్‌లో బడి పేరు కింద కోర్సు సెంటర్ పేరు, మొదటి క్లాసు తేదీ కూడా ఉండాలి.