భూమాత సంతకం చేసిన తువ్వాలు

గత డిసెంబరులో భూగోళం నాకు పదకొండుసార్లు ధన్యవాదాలు చెప్పింది. అతిశయోక్తి కాదు, లెక్కపెట్టాను. స్నానాల గదిలో మూడు, వంటగదిలో నాలుగు, మంచం పక్కన ఒకటి, చెత్తబుట్టల దగ్గర బుట్టకొకటి చొప్పున మూడు. ప్రతిచోటా చిన్న చెక్కపలక, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. తువ్వాలు పక్కనున్న పలక ఇలా అంటుంది: 'దీన్ని మళ్లీ వాడుతున్నందుకు భూమి మీకు ధన్యవాదాలు తెలుపుతోంది.' చిరిగి మసిగుడ్డ అయ్యేదాకా తువ్వాలును వదలని వంశం మాది. మూడు తరాలుగా ఒక్క మంచిమాట అనని భూమి, రాత్రికి 240 డాలర్లు కట్టగానే ఎంత మర్యాద నేర్చుకుందో చూడండి. భూమాత తరఫున సంతకం పెట్టే అధికారం వీళ్లకు ఏ రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చారో తెలియదు.

ఈ మర్యాదలు జరిగిన చోటు కరీబియన్ సముద్రంలోని డొమినికా. డొమినికన్ రిపబ్లిక్ కాదు. ఆ తేడా బంధువులకు విప్పి చెప్పలేక చివరికి వెస్టిండీస్ అని సరిపెట్టాను. మ్యాచ్ టికెట్లు దొరికాయా అని అడిగారు. 2023లో యశస్వి జైస్వాల్ మొదటి టెస్టులోనే 171 పరుగులు కొట్టింది ఆ దేశ రాజధాని రోసోలోనే అని చెప్పాక మాత్రం కాస్త గౌరవం దక్కింది. 1493లో ఒక ఆదివారం కొలంబస్ కంటపడిన పాపానికి దానికి ఆదివారం పేరే పెట్టేశారు. అంతకుముందు నుంచీ అక్కడున్న కలినాగో జనం దాన్ని వాయ్‌టుకుబులి అనేవారు. ఆమె దేహం పొడవైనది అని అర్థం. నిట్టనిలువు కొండలు చూస్తే ఎవరి నామకరణం సరైనదో తెలిసిపోతుంది.

మా అల్లుడు కుదిర్చిన బస పేరు పర్యావరణహిత స్వయంపాక కుటీరం. స్వయంపాకం అంటే నాకు తెలిసిన అర్థం ఒకటుంది. తద్దినం నాడు బ్రాహ్మణుడికి బియ్యం, పప్పు, అరటికాయ, నెయ్యి, దక్షిణ చేతిలో పెట్టి, ఇంటికెళ్లి వండుకోండి అని దండం పెట్టడం. ఇక్కడ శాస్త్రం తిరగబడింది. దక్షిణ మనదే, వంట మనదే, గిన్నెలు తోముకోవడమూ మనమే. తోమిన నీళ్లను బకెట్లో పట్టి అరటిచెట్టుకు మోసుకెళ్లేదీ మనమే. మోసినందుకు భూమి ధన్యవాదాలు. (వంటగదిలో ఇది రెండోది.)

స్నానానికి మూడు నిమిషాల ఇసుక గడియారం వేలాడదీశారు. ఏడాదిలో ఎన్ని రోజులున్నాయో అన్ని నదులు, 365 ఉన్నాయని గొప్పగా చెప్పుకునే ద్వీపం అది. నేను ఒంటికి సబ్బు పట్టించుకుని ఇసుక వంక భయంగా చూస్తుంటే బయట వాన రేకుల మీద బిందెలు కుమ్మరిస్తోంది. హైదరాబాద్‌లో మా అపార్టుమెంటుకు ఏప్రిల్ వస్తే ట్యాంకరే దిక్కు. పైనుంచి నీళ్లు ఆగిపోతే స్నానం పూర్తయినట్టు లెక్క. అలాంటి నన్ను పోను నాలుగు, రాను నాలుగు విమానాలు ఎక్కించి, సముద్రం మధ్య కొండ మీద నీటి పొదుపు నేర్పించారు. "ఇక్కడ భూమి మీద మన ముద్ర తేలిగ్గా పడుతుంది మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. న్యూజెర్సీలో అతనికి ఉన్న బండిలో మా వీధి వీధంతా పడుతుంది.

మొదటిరోజు స్వాగతం బుట్టలో దషీన్ అనే దుంపలు ఇచ్చారు. మా ఆవిడ ఒకటి గోరుతో గీరి, "చేమదుంపలకు ఇంత పేరు ఎందుకండీ" అంది. పక్కనే సీమపనస, దాని మెడలో 'ద్వీపపు సంప్రదాయ ఆహారం' అని చీటీ. తోటల్లో బానిసలకు చవకగా కడుపు నింపవచ్చని బ్రిటిష్ వాళ్లు 1793లో ఓడకెక్కించి ఈ సముద్రానికి తెచ్చిన కాయ అది. చీటీలో అంత చోటు లేదేమో.

అసలు కథ మూడోరోజు సాయంత్రం. అతిథులు పెరట్లోంచి కావలసినవి కోసుకోవచ్చని కుటీరంలో పెట్టిన నియమాల పుస్తకంలో రాసి ఉంది. కోసుకోవడానికి వెళ్లిన మా ఆవిడ అక్కడినుంచి పెట్టిన కేకకు ముందు పామనుకున్నాను. "ఏమండీ! గోంగూర! ఎర్రకాడ గోంగూరండీ!" నిజమే. అక్కడ దాన్ని సారెల్ అంటారు. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి తొడుగును అల్లం, లవంగాలతో మరిగించి క్రిస్మస్‌కు పానకం చేసుకుంటారు. ఆకు జోలికి పోరు. ఆకు జోలికి పోరని తెలిసినప్పుడు మా ఆవిడ ముఖంలో కనిపించిన జాలి, కొలంబస్ ముఖంలో కూడా ఉండి ఉంటుంది: ఈ అమాయకులకు తమ దగ్గర ఏముందో తెలియదు పాపం!

గంటలో ఆకు వేగింది. ఎండుమిరపకాయలు వేగాయి. కుటీరమంతా ఘాటు పట్టి అల్లుడు వరండాలోకి పారిపోయాడు. అప్పుడు ఆవిడ పెట్టె అడుగునుంచి, రెండు చీరల మధ్య పడుకోబెట్టిన మిక్సీ తీసింది. హైదరాబాద్ నుంచి తెచ్చింది. న్యూజెర్సీలో 120 వోల్టులతో దానికి ఊపిరాడక మూడు నెలలుగా పెట్టెలోనే ఉంది. డొమినికాలో మనలాగే 230. మోక్షం వచ్చిందనుకున్నాం. కుటీరానికి కరెంటు తీగ లేదని, పైనున్న సౌర ఫలకాలు, మెట్ల కింద బ్యాటరీలే ఆధారమని, మోటార్లు పెట్టవద్దని పుస్తకంలో పదిహేడో పేజీలో ఉందట. మా ఆవిడ పెరటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

750 వాట్ల మిక్సీ ఒక్కసారి "గుర్" అంది. అంతే. దీపాలు, ఫ్రిజ్జు, ఫ్యాను అన్నీ ఒకేసారి పోయాయి. చీకట్లో కీచురాళ్లు, కప్పలు, మిక్సీ జారులో సగం నలిగిన గోంగూర. కాసేపటికి కుటీరం చూసుకునే ఆవిడ టార్చి పట్టుకుని కొండ దిగి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒక్క మాట అనలేదు. వాసన చూసింది, జారులోకి టార్చి వేసి చూసింది, తిరిగి వెళ్లి ఇంట్లోంచి చెక్క రోలు, రోకలి మోసుకొచ్చింది. కొవ్వొత్తి వెలుగులో ఇద్దరు ఆడవాళ్లు, చెరో భాషలో మాట్లాడుకుంటూ, వంతులవారీగా పచ్చడి నూరారు. ఆవిడ వేలితో నాకి, కళ్లు మూసుకుని, ఇంకాస్త మిరపకాయ పడాలంది.

మర్నాడు ఆవిడ వరండా మెట్ల మీద కూర్చుని చెప్పింది. 2017 సెప్టెంబరు 18 రాత్రి. మరియా తుఫాను, ఐదో శ్రేణి, అంటే అన్నిటికన్నా పైది. తన ఇంటి కప్పు ముందుగా లేచింది. పిల్లలిద్దరినీ స్నానాల గదిలోకి తోసి తెల్లవారేదాకా తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆ రాత్రి ప్రధానమంత్రి ఇంటి కప్పే ఎగిరిపోయింది. దేశంలో పదింట తొమ్మిది కట్టడాలు దెబ్బతిన్నాయి. తెల్లారి చూస్తే కొండల మీద ఒక్క ఆకు లేదు. నష్టం, ఆ దేశం ఏడాది మొత్తం సంపాదనకు 226 శాతం. సముద్రాలను వేడెక్కించి అలాంటి తుఫానులకు బలం పోసిన పొగలో ఈ 70 వేలమంది వాటా ఎంత? చిటికెడు. నాలాంటివాళ్లది, నా ఎనిమిది విమానాలది, అల్లుడి బండిది ఎంత? మరి ధన్యవాదాలు నాకా? ఒక తువ్వాలుతో రెండుసార్లు ఒళ్లు తుడుచుకున్నందుకా? వీపుతో తలుపు కాసిన మనిషికి ఏ పలక మీద ఏ రంగులో చెప్పారు? కప్పు పోగొట్టుకున్నవాళ్ల కొండ మీద కూర్చుని, పోగొట్టినవాళ్లకు మెచ్చుకోలు పలకలు వేలాడదీయడానికి సిగ్గుండాలి. చదివి పొంగిపోయిన మాకూ ఉండాలి.

ఇంకొకటి కూడా చెప్పింది, మామూలుగా, ఎండేసిన దుప్పటి మడత పెడుతూ. యజమాని ఏడాదిలో పదినెలలు లండన్‌లో ఉంటాడు. ఉతుకుడు కూలి మాత్రం తువ్వాలు లెక్కన. పలకలు పెట్టకముందు వారానికి యాభై అరవై ఉతికేదట. ఇప్పుడు పదిహేను.

పలక కింద చిన్న అక్షరాల్లో మరో వాక్యం ఉంది: కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడతారని, నేల మీద వేస్తే ఉతకమని అర్థం. ఐదోరోజు నుంచి పొద్దున్నే నాలుగు తువ్వాళ్లూ, దిండు గలేబులూ, ఒకరోజు కిటికీ పరదా కూడా నేల మీద పడేస్తూ వచ్చాను. అల్లుడు నా వంక, అడవి నరికేవాణ్ణి చూసినట్టు చూశాడు. భూమి కూడా ఏమీ అనలేదు. బయల్దేరేనాడు ఆవిడ మా ఆవిడ చేతిలో గోంగూర విత్తనాల పొట్లం పెట్టి, నన్ను చూసి, కిటికీ పరదా మాత్రం లెక్కలోకి రాదంది.