సాక్షిని అడిగే తీరు

హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల దగ్గరో, నార్కట్‌పల్లి దగ్గరో ప్రమాదం జరిగితే, రోడ్డు పక్కన చాయ్ తాగుతున్న మనిషి మాటే చాలాసార్లు కేసుకు ఆధారం. ఆయన ఏం చెప్పాడో అందరూ చూస్తారు. ఆయన్ను ఏమని అడిగారో ఎవరూ చూడరు.

1974లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి, బండ్ల వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు అంటే సగటున గంటకు 40 మైళ్లకు పైనే అన్నారు, ఒకదానికొకటి తగిలినప్పుడు అంటే 31.8 అన్నారు. ఇంకో బృందానికీ ఇలాగే ఫిల్ము చూపించి వేగం అడిగారు. వారం తర్వాత వాళ్లను మళ్లీ పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో అద్దం పగలనే లేదు. అయినా ముందు ప్రశ్నలో 'గుద్దుకున్నప్పుడు' అన్న మామూలు మాట విన్న 50 మందిలో 7 మంది, 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అన్న గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. అడిగినవారి మాట వాళ్ల జ్ఞాపకంలో కలిసిపోయింది.

'ఎంత స్పీడ్‌ల వచ్చి గుద్దిండు?' అని అడిగితే స్పీడూ, గుద్దుడూ ప్రశ్నలోనే ఉన్నాయి. ఆ తర్వాత వాంగ్మూలం కాగితం మీదికి 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి' అని ఎక్కుతుంది. అది సాక్షి నోట రాని మాట. కోర్టులో డిఫెన్స్ లాయర్ పట్టుకునేది ఆ తేడానే. పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో తప్పు ఎవరిది ఎంతన్న లెక్క మారితే, చనిపోయినవారి ఇంటికి చేరే డబ్బూ తగ్గవచ్చు.

అమెరికా ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు. మన పల్లెల్లో 'తాకింది' అంటే ఊరికే తగలడమూ కావచ్చు, గట్టి దెబ్బా కావచ్చు. మన యాసలో ఏ మాట జ్ఞాపకాన్ని ఎటు లాగుతుందో ఇక్కడివాళ్లే పరీక్షించి చూడాలి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం ఈ పని చేపట్టాలి. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు.

పోలీసు శాఖ అప్పటిదాకా ఆగనక్కర్లేదు. నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 180వ సెక్షన్ సాక్షి వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోల్లో రికార్డు చేసే వీలిచ్చింది. ప్రమాద కేసుల్లో జవాబుతో పాటు ప్రశ్న కూడా వినిపించేలా రికార్డింగ్ మొదలుపెట్టాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పోలీసు అధికారులను కోరుతున్నాం. మొదటి ప్రశ్న 'ఏం చూసినవో చెప్పన్నా' అని ఉండాలి. ఆయన చెప్పడం ముగించేదాకా మధ్యలో మాట అందించకూడదు.