ధర నెత్తిన కూర్చున్న నక్షత్రం గుర్తు (*) గారికి

మహారాజశ్రీ నక్షత్రం గుర్తు గారి సముఖమునకు, ఒడిశాలోని జయపురం నుంచి ఒక కిరాణా వర్తకుడు నమస్కరించి వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి. మర్యాద కోసం అలా రాశాను గాని, నా కుశలం ఎంతపాటిదో కింద తెలుస్తుంది.

దసరాకల్లా ఇంటి ముందుంటుందన్న బండి, కార్తీకం దాటాక వచ్చిందని ఫోను చేశారు. పంతులుగారిచేత మంచి నక్షత్రం చూపించుకుని, సుంకి ఘాటు కొండదారి దిగి, సాలూరు దాటి షోరూముకు చేరాను. ఆయన చూసింది 27 నక్షత్రాలలో ఒకటి. కొటేషన్‌లో 28వ వారుగా తమరు వెలసి ఉన్నారని ఆయన పంచాంగంలో లేదు. (అభిజిత్తును కూడా లెక్కించేవారికి తమరు 29వ వారు.) మధ్యాహ్నం రెండు గంటలకు కూర్చోబెట్టి, సాయంత్రం ఆరింటికి, మూడు టీల తరువాత తమ దర్శనం చేయించారు.

మా అబ్బాయి ఎస్‌యూవీ అన్నాడు, నేను పికప్ అన్నాను. చివరికి పద్దుల పుస్తకంలో బలం, నమ్మకం, ధర అని మూడు గళ్లు గీసి, నెల రోజులు తర్కించి, ఇంటిల్లిపాదీ ఎక్కవచ్చునని ఎస్‌యూవీకే ఒప్పుకున్నాను. ఆ మూడు గళ్లలోనూ తమరు ముందే కాపురం పెట్టారని మాకు తోచలేదు.

బలం గడిలో హార్స్‌పవర్ పెద్ద అక్షరాలలో ఉంది. ఏడుగురినీ బియ్యం బస్తానూ ఎక్కించుకుని ఘాటు మలుపులో ఆగిన బండి మళ్లీ కదలడానికి కావలసింది ఆ అంకె కాదు, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే అందే టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం. అది నిమిషానికి ఎన్ని చుట్ల దగ్గర, అంటే ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర అందుతుందో తమ నీడన చీమ తలంత అక్షరాలలో ఉంది. మైలేజీ అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద తీసినది. ఆ రోలర్ల మీద మా ఘాటును ఎవరు పరిచారో తెలియదు.

నమ్మకం గడిలో వారంటీ ఉంది. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు అరుగుదల కింద వారంటీకి బయటివని తమరు సెలవిచ్చారు. ఘాటు తినేవే అవి! 2020 ఏప్రిల్ 1న పొగకు పగ్గం వేసే బీఎస్-6 నిబంధన వచ్చాక డీజిలు బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు చేరింది, బండి హైవే మీద కొంతసేపు వేగంగా పోతేనే ఆ మసి సరిగా కాలుతుంది. ఇంటి నుంచి దుకాణానికీ, దుకాణం నుంచి సంతకూ తిరిగే నాకు ఆ వేగం ఎక్కడిది?

ఇవన్నీ సహించాను. ఇక ధర గడి. నాలుగు మీటర్ల పొడవు, 1,500 సీసీ డీజిలు ఇంజను, ఈ రెండింటిలో ఏది దాటినా 40 శాతం, దాటకుంటే 18 శాతం జీఎస్టీ అని 2025 సెప్టెంబరులో సర్కారు గీసిన గీత కనీసం కంటికి కనిపిస్తుంది. 10 లక్షలు మించితే అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే 1 శాతం ఆదాయపు పన్ను (టీసీఎస్) రిటర్నులో సర్దుబాటవుతుంది. నా ఆధార్‌లో ఒడిశా చిరునామా చూసి రోడ్డు పన్ను లెక్క మార్చినా నోరెత్తలేదు. పార్వతీపురంలోని బావమరిది చిరునామా పెట్టమని షోరూము కుర్రవాడు చెవిలో ఊదాడు గాని, బండి 12 నెలలకు మించి ఒడిశాలో ఉంటే మళ్లీ ఇక్కడి నంబరు తీసుకోవలసిందేనని నాకు తెలుసు.

కాని "డెలివరీ నాటి ధరే వర్తించును" అన్నారే, అది నాకు మింగుడుపడడం లేదు. ఆలస్యం చేసింది వాళ్లు. ఎదురుచూసింది నేను. ఆ ఎదురుచూపు రోజులలో ధర పెంచి, పెరిగిన 41 వేలూ నన్నే కట్టమనడం ఏ వర్తక ధర్మం? నా దుకాణంలో పప్పు తూచడం ఆలస్యమైందని కిలోకు పది రూపాయలు ఎక్కువడిగితే, ఊరివాళ్లు తక్కెడతోనే నా వీపు తూస్తారు. పగలే చుక్కలు చూపించడమంటే ఏమిటో నాకు ఈ వయసులో తెలిసింది. పెళ్లిలో చూపించిన అరుంధతి నాకు ఆనాడూ కనిపించలేదు; తమరు మాత్రం కళ్లజోడు తీసినా కనిపిస్తున్నారు.

బండి వద్దు, నా అడ్వాన్సు నాకు ఇచ్చేయమని బల్ల మీద చెయ్యి వేసి అడిగాను. రసీదు చూడమన్నారు. చూశాను. అడ్వాన్సు అంకె పక్కన, చివరి సున్నాకు ఆనుకుని, తమరే ఉన్నారు.