అప్పులో పోయిన లింకన్ చేతి తొడుగులు

1865 ఏప్రిల్ 14 రాత్రి, కాల్పులకు గురైన అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ జేబుల్లో దొరికినవి చూస్తే అవి దేశాధ్యక్షుడి జేబులంటే నమ్మబుద్ధి కాదు. రెండు కళ్లజోళ్లు, వాటిలో ఒకదానికి దారం కట్టి సరిపెట్టుకున్నారు. చాకు, చేతిరుమాలు, తోలు పర్సు. పర్సులో తాను నాలుగేళ్లు ఎదురు నిలిచి పోరాడిన కాన్ఫెడరేట్ సర్కారు (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలది) నోటు, ఐదు డాలర్లది. కొన్ని పేపర్ కటింగులు, అందులో ఆయన్ని మెచ్చుకుంటూ రాసినవీ ఉన్నాయి. తిట్లు అలవాటైన మనిషి కూడా ఒక మంచిమాట కనబడితే కత్తిరించి దాచుకున్నాడన్నమాట! పత్రికవాళ్లం కదా, మా చూపు అక్కడే ఆగింది.

ఈ సామాను డెబ్బై ఏళ్లకు పైగా కుటుంబం దగ్గరే ఉంది. 1937లో మనవరాలు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. తండ్రి కాగితాలను కొడుకు రాబర్ట్ అంతకుముందే అదే లైబ్రరీకి రాసిచ్చారు. తాను పోయాక 21 ఏళ్ల దాకా తెరవొద్దన్నారు, 1947 జులైలో తెరిచారు. గెటిస్‌బర్గ్ యుద్ధంలో గెలిచి కూడా శత్రువును తప్పించుకుపోనిచ్చాడని తన సేనాని జనరల్ మీడ్‌పై కోపంతో లింకన్ రాసి, పంపకుండా ఆపుకొన్న ఉత్తరం వాటిలోదే. ఇవాళ దాన్ని ఎవరైనా పైసా ఖర్చు లేకుండా ఆన్‌లైన్లో చదువుకోవచ్చు.

ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగింది వేరు. అక్కడి లింకన్ మ్యూజియానికి అండగా ఉండే ప్రైవేటు ఫౌండేషన్ 2007లో లింకన్ వస్తువులున్న ఒకరి సొంత సేకరణను అప్పు చేసి కొన్నది. విరాళాలతో తీర్చేద్దామనుకున్నారు. తీరలేదు. పైగా, అందులో 65 లక్షల డాలర్ల విలువ కట్టిన టోపీ లింకన్‌దేననడానికి గట్టి ఆధారం లేదని తర్వాత తేలింది. చివరికి 2025 మేలో 144 వస్తువులు చికాగోలో వేలానికి వచ్చాయి. హత్య జరిగిన రాత్రి ఆయన దగ్గరున్న, రక్తపు మరకలంటిన చేతి తొడుగులు 15 లక్షల డాలర్లకు పైగా పలికాయి.

బాకీ అడిగినవాళ్లది తప్పు కాదు, పాడుకున్నవాళ్లదీ కాదు. తీర్చే దారి చూసుకోకుండా, టోపీ పుట్టుపూర్వోత్తరాలు గట్టిగా ఆరా తీయకుండా తొందరపడి కొనడమే అసలు పొరపాటు. కనీసం ఉత్తరాలైనా, వేలానికి పెట్టేముందు ప్రతి పేజీనీ స్కాన్ చేసి జనానికి అందుబాటులో ఉంచాలన్న షరతు ఇలాంటి సంస్థలన్నిటికీ ఉండాలి. తొడుగులకు ఆ వీలు లేదు. కొన్నవారు ఏ మ్యూజియానికైనా అరువిస్తే చూస్తాం, లేదంటే లేదు.