పసుపుకి అర్థాలు అంటగట్టడం ఇక చాలు

పసుపు అంటే ఆనందం, ఆశ. కాదంటే అసూయ, ద్రోహం. చిత్రకళలో రంగుల గురించి ఏ పోస్ట్ తెరిచినా ఇదే పట్టిక. ఒకే రంగు ఆశకీ ద్రోహానికీ సరిపోతోందంటే ఆ పట్టిక దేనికీ పనికిరాదనే కదా!

ద్రోహం అనగానే అందరూ చూపించేది ఇటలీలోని పాడువాలో 1305 ప్రాంతంలో జొట్టో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన కుడ్యచిత్రం. అందులో యేసుని ముద్దు పెట్టుకుని పట్టించే యూదా ఒంటి మీద పసుపు వస్త్రం ఉంటుంది. సరే, మరి నమ్మిన శిష్యుడు పేతురుకీ యూరప్ చిత్రకారులు ఎన్నోసార్లు పసుపే కప్పారు, దానికేమంటారు? జొట్టో బొమ్మని దగ్గరగా చూడండి. యూదా చేతులు చాచి వాటేసుకోవడంతో ఆ వస్త్రం యేసు ఒంటిని దాదాపు మొత్తం మింగేసి, ముఖం మాత్రం మిగిల్చింది. భయం పుట్టేది అక్కడ, ఆ గుడ్డ పరుచుకున్న తీరులో.

సమాజమే రంగుకి అర్థం ఇస్తుంది అనేవాళ్లున్నారు. చైనాలో పసుపు చక్రవర్తులది, నాజీలు యూదులకి తగిలించింది పసుపు నక్షత్రం. నిజమే, కానీ అవి అధికారం పెట్టిన గుర్తులు. కుంచె పట్టుకున్నవాడు వాటికి కట్టుబడి ఉండాలని ఎక్కడుంది?

నన్నడిగితే పసుపు కథంతా రసాయనంలోనే ఉంది. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో పసుపు గోడ ముందు, పసుపు కుండీలో పసుపు పొద్దుతిరుగుడు పూలు పెట్టి వేయగలిగాడంటే, క్రోమ్ ఎల్లో లాంటి రంగులు అప్పటికే ట్యూబుల్లో దొరుకుతున్నాయి కాబట్టి. అది సీసం, క్రోమియం కలిసిన పదార్థం, అందులో కొన్ని రకాలు వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతాయి. అంటే ఇవాళ మనం చూస్తున్నది ఆయన వేసిన పసుపు కాదు, అందులో మిగిలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం తన దగ్గరున్న పొద్దుతిరుగుడు పూల బొమ్మని ఇక బయటికి పంపనని 2019లో తేల్చేసింది కూడా.

ఇంత కథ ఉంటే జనానికి కావాల్సింది మాత్రం రోగం! డిజిటాలిస్ అనే మందు వల్ల వాన్ గోకి లోకమంతా పసుపుగా కనబడిందట. కళాకారుడు కొత్తగా ఏం చేసినా వెంటనే మెడికల్ రిపోర్ట్ అడిగే ఈ జబ్బు మనకెప్పుడు పోతుందో. అన్నీ పసుపుగా కనబడేవాడికి తెల్ల కాన్వాసూ పసుపుగానే కనబడాలి, అలాంటప్పుడు అదనంగా పసుపు పూయాల్సిన పనేముంది? పైగా అదే 1888 సెప్టెంబర్‌లో ‘రోన్ నది మీద నక్షత్రాల రాత్రి’ అనే బొమ్మ వేశాడు, దీపాలూ చుక్కలూ తప్ప ఆకాశం, నీళ్లు అంతా నీలమే. ఆ నీలానికి ఏ మందు కారణమో వాళ్లే చెప్పాలి.