ట్రైల్ మధ్యలో కాపురం పెట్టిన బురద గుంట గారికి

మహారాజశ్రీ బురద గుంట గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అక్టోబరు నుంచి వాన పడుతూనే ఉంది కాబట్టి తమరి క్షేమం వేరే అడగడం లేదు. దసరా నాటికి అరచేతంత ఉన్నవారు, సంక్రాంతి దాటేసరికి పన్నెండు అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు, చీలమండ మునిగే లోతు సంపాదించారు. మేము మౌంటెన్ బైకులు తొక్కే ఈ ట్రైల్, అంటే అడవి బాట, అసలు వెడల్పు రెండడుగులే. మిగతా ఆరడుగులు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయ్యాయో కాస్త కాగితాలు చూపిస్తే సంతోషిస్తాం.

హైదరాబాద్‌లో మనుషులు చెరువుల్ని ఆక్రమిస్తారు, హైడ్రా వాళ్ళు బుల్‌డోజర్లతో వస్తారు. సియాటిల్ పక్కన ఈ ఇసాక్వా కొండల్లో వ్యవహారం తిరగబడింది. చెరువే వచ్చి దారిని ఆక్రమించింది. మీకు ఎఫ్‌టీఎల్ (నిండితే నీరు చేరే హద్దు) ఉంది, బఫర్ జోన్ ఉంది, కట్ట ఉంది, ఆయకట్టు ఒక్కటే లేదు. తెలుగులో రాస్తే మీకు అర్థం కాదేమోనన్న బెంగ మాకు లేదు. పక్కనే సమామిష్‌లో తెలుగువాళ్ళకు కొదవ లేదు. మీలో ముందు చక్రం దిగబడ్డప్పుడు వాళ్ళ నోట వచ్చే మాటలు మీరు రోజూ వింటున్నవే.

ముందుగా తమ వంశగౌరవం ఒప్పుకోవాలి. సుమారు 16,000 ఏళ్ళ కిందటిదాకా ఈ నేల మీద కిలోమీటరు మందాన మంచు పడుకుని ఉండేది. అది తన కిందున్న మట్టినీ గులకరాళ్ళనీ కలిపి రోడ్డు రోలరు తొక్కినట్టు తొక్కి పోయింది. ఆ గట్టి పొరను హార్డ్‌పాన్ అంటారు. పైన రెండు మూడు అడుగుల వదులు మట్టి; అక్కణ్ణించి గునపం దించితే ఖంగుమంటుంది. చలికాలం నీరు ఆ పొర దాకా దిగి, ఇంకా కిందికి దారిలేక నిలబడిపోతుంది. సియాటిల్‌లో ఏడాదికి పడేది దాదాపు మీటరు వాన. హైదరాబాద్ ఆ లెక్కలో మరీ వెనకబడిందేమీ కాదు, తేడా పడే తీరులో ఉంది. అక్కడ నాలుగు నెలల్లో కుమ్మరించి పోతుంది. ఇక్కడ ఆరేడు నెలలు, నేల ఆరే సందివ్వకుండా, వెళ్తాను వెళ్తానంటూ గుమ్మంలోనే నిలబడే చుట్టంలా పడుతుంది.

అయితే ఒక చిన్న అనుమానం. ఆ హార్డ్‌పాన్ కొండంతా ఉంది. ఆ వాన కొండంతా పడుతోంది. మీకు ఇరవై గజాలు అవతల ట్రైల్ తడిగా ఉందే తప్ప బురద లేదు. మరి తమరొక్కరే ఇక్కడ ఎలా వెలిశారు? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఈ విషయంలో నిజం వాలు కొలిచే క్లైనోమీటరుకు కూడా తెలుసు. మీ ఎగువన కొండ వాలు 16 శాతం. దాని మీద ట్రైల్ వాలు 14. అంటే దారి గీసినవారు కొండకు అడ్డంగా తిప్పకుండా, దగ్గరి దారి కదా అని దాదాపు నిలువునా దించేశారు. ట్రైల్ వాలు కొండ వాలులో సగం మించకూడదు. ఇక్కడైతే 8 దాటకూడదు. సగంలోపు ఉంటే నీరు ట్రైల్‌ని అడ్డంగా దాటి దాని మానాన అది పోతుంది. మించితే ట్రైల్‌నే కాలువ చేసుకుంటుంది. ఆ కాలువ చివర నేల చదునైన చోట తమరు గద్దెనెక్కారు. వానదేమీ తప్పు లేదు. మీ జాతకం రాసింది గీత గీసిన చెయ్యి.

మిగతా పని టైర్లు చేసిపెట్టాయి. కొత్త ట్రైల్‌కి బయటి వైపుకి 5 శాతం వాలు ఇస్తారు, అంటే 60 సెంటీమీటర్ల వెడల్పుకి 3 సెంటీమీటర్లు. మనిషి కంటికి ఆనదు గానీ నీటికి చాలు. రెండేళ్ళు చక్రాలు తిరిగాక నడుమ అణిగి పళ్ళెంలా గుంటపడుతుంది, పక్కకు జరిగిన మట్టి బయటి అంచున గట్టులా లేస్తుంది. రెండంగుళాల గట్టు సరిపోతుంది. గోదావరి జిల్లాల్లో రైతు మడిలో నీళ్ళు నిలపడానికి పార పట్టి వేసే గట్టును ఇక్కడ టైర్లు కూలి అడక్కుండా వేసిపెట్టాయి. నారు పోయడమే తరువాయి.

ఇక తమరి భక్తులు. మీరు వామనుడిలా అడిగింది మూడడుగులే. షూ తడుస్తుందని జంకిన ప్రతి రైడరూ బలిచక్రవర్తిలా ఇంకో అడుగు ధారపోశాడు. బండరాళ్ళ మీంచి దూకడానికి ముందూ వెనకా సస్పెన్షన్ పెట్టించుకున్న బైకు అది. నాలుగంగుళాల నీళ్ళు చూడగానే ఫెర్న్ మొక్కలు తొక్కుకుంటూ పక్కనించి జారుకుంటుంది. తొక్కిన అంచు మెత్తబడుతుంది, మీరు అందులోకి జరుగుతారు, వచ్చే వారం వాడు ఇంకో అడుగు అవతలినించి వెళ్తాడు. సెడార్ వేళ్ళు బయటపడేదాకా ఈ దానధర్మం ఆగదు. నేల మరీ నానిపోయి ఉంటే ఆ రోజు ఆ ట్రైల్‌కి వెళ్ళకూడదు. తీరా వెళ్ళాక ఎదురైతే వేగం తగ్గించి, బరువు వెనక్కి పెట్టుకుని, నట్టనడుమ నుంచి పోవాలి. ఈ సంగతి బోర్డు రాసి పెట్టాం. బోర్డు పక్కనించే కొత్త దారి పడింది.

మరో రకం వారు దయగలవారు. మీలో కొమ్మలూ రెమ్మలూ పరిచి పోతారు. అవి రెండు నెలల్లో కుళ్ళి, స్పాంజిలా నీళ్ళు పట్టి, బురదని ఇంకా చిక్కన చేస్తాయి. ఈలోగా ఒక కర్ర ఎగిరి వెనక గేర్లు మార్చే డీరేలర్‌లో పడితే దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, గేర్లు వాటంతట అవే ఎక్కడం దిగడం మొదలుపెడతాయి. ఎగువన ఎవరో దుంగ అడ్డం వేశారు, నీళ్ళు మళ్ళిద్దామని. ఒక్క శీతాకాలంలో దాని ఎగువ వైపంతా పూడుకుపోయింది. ఇప్పుడు నీళ్ళు దుంగ మీంచి మీ దగ్గరికే వస్తున్నాయి. తడిసిన దుంగ మీద ఏటవాలుగా ముందు చక్రం పెట్టినవాడు కూడా వస్తున్నాడు. ఇంకొకరు మడమతో బెత్తెడు వెడల్పు కాలువ గీసి, పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నారు. ఇక్కడి బిగ్‌లీఫ్ మేపుల్ ఆకు విస్తరాకులో సగం ఉంటుంది. ఒక్కటి పడితే చాలు, కాలువ మూత.

తమరి రాబడి కూడా మామూలు కాదు. మీలోని సన్న ఇసుక చైన్ నూనెలో కలిస్తే సానబట్టే పేస్టు అవుతుంది. ఉక్కు స్కేలు తీసుకుని చైన్ మీద ఒక పిన్ను నడుమ సున్నా పెట్టి చూడండి: కొత్త చైన్‌లో 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు అవతలికి పోయిందంటే అర శాతం సాగినట్టు. సాగడమని అంటాం గానీ ఇనుము సాగదు, ప్రతి పిన్నూ తన గూట్లో కాస్త కాస్త అరిగింది. వెనక 11, 12 గేర్లున్న బైకు చైన్ని అక్కడే మార్చేయాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే పాత చైన్ తన కొలతకు తగ్గట్టు క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ళ చక్రాల గుత్తి) పళ్ళను అరగదీసుకుంటుంది. అప్పుడు కొత్త చైన్ వేస్తే ఎక్కుడులో బలంగా తొక్కగానే పన్ను మీంచి జారి, మోకాలు వెళ్ళి హ్యాండిల్‌బార్‌కి తగులుతుంది. చైన్ ధరతో పోయేది క్యాసెట్ ధరకు చేరుతుంది.

బ్రేకుల వాటా వేరే. డిస్క్ బ్రేకు మామూలు రెసిన్ ప్యాడ్‌లో అరిగే భాగం సుమారు 2 మిల్లీమీటర్లు, అర మిల్లీమీటరు మిగిలితే మార్చాలి. ఇసుక నీళ్ళలో కొండ దిగితే ఒక్క రోజులో సగం పోయినా ఆశ్చర్యం లేదు. తడిలో మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి, కానీ రోటరు (ప్యాడ్లు పట్టే డిస్కు) మీద రెసిన్ ప్యాడ్లకు మాత్రమే అని చెక్కి ఉంటే వాటిని దాని దరిదాపులకు తీసుకెళ్ళకూడదు.

అన్నిటికన్నా నమ్మకమైన మీ ఏజెంటు ప్రెషర్ వాషర్. మీ దగ్గర బైకుకి పూసుకున్న బురదని ఇంటికెళ్ళి దానితో కొడతారు. పైన తళతళ. ఆ నీటి దెబ్బ సీళ్ళు దాటి చక్రం నడుమ హబ్బులోకి, పెడళ్ళ ఇరుసున్న బాటమ్ బ్రాకెట్‌లోకి, హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్‌లోకి, వెనక సస్పెన్షన్ కీళ్ళయిన పివట్లలోకి గ్రీజుతో పాటే ఇసుకనీ నెట్టుకుపోతుంది. నెల తర్వాత బేరింగు గరగరమంటుంది. బకెట్ నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్షు. హోసు పైపు సన్నగా, పైనించి, పక్కనించి బేరింగుల మీదికి కాకుండా. తుడిచాక చైన్‌కి ఒక్కో రోలరుకీ లోపలి వైపున ఒక్కో చుక్క నూనె, కాసేపు ఆగి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయడం. పావుగంట పని. ఆ పావుగంట లేకనే మీ వ్యాపారం ఇలా వెలుగుతోంది.

ఇంతకీ ఈ ఉత్తరం నోటీసు. వచ్చే శనివారం పొద్దున తొమ్మిదికి ఎనిమిది మంది వస్తున్నాం. స్థలం యజమాని కౌంటీ పార్కుల శాఖ. వారి అనుమతి తీసుకున్నాం, ఆ ఒక్క విషయంలో మేము మీలాంటి వాళ్ళం కాదు. చేతిలో పులాస్కీలు, మెక్‌లియడ్‌లు ఉంటాయి. పులాస్కీకి ఒక వైపు గొడ్డలి, ఇంకో వైపు మట్టి తవ్వే బాడిస. 1910 నాటి పెద్ద అడవి మంటలతో పోరాడిన రేంజరు పేరది. మెక్‌లియడ్‌కి ఒక వైపు దంతె, ఇంకో వైపు వెడల్పు పార. రెండూ నిప్పు కోసం పుట్టి ఇప్పుడు నీటి మీదికి వస్తున్నాయి. ఒకరికొకరు పదేసి అడుగుల దూరంలో ఉంటాం, కాబట్టి మాలో మాకు తగులుతుందని ఆశపడకండి.

ముందు బయటి గట్టుకి గండి. ట్రైల్ పనివాళ్ళు దాన్ని నిక్ అంటారు, మాకు గండి అన్న మాటే బాగుంది. మడమ కాలువ కాదు: ట్రైల్ వెంట పదడుగుల వెడల్పున అర్ధచంద్రంలా చెక్కి, నడుమ 15 శాతం వాలు, అంటే రెండడుగులకు 9 సెంటీమీటర్లు. బయటి నోరు ఎంత వెడల్పు ఉంటే ఆకులు అంత తక్కువ అడ్డుపడతాయి. నీళ్ళు దిగాక మీ నల్లటి మెత్తటి సరుకంతా ఎత్తి దూరంగా దిగువకు విసురుతాం. అంచున పోస్తే అదే మళ్ళీ గట్టవుతుంది. గులకలు కలిసిన గట్టి మట్టి తగిలేదాకా తీస్తాం. పని ఇప్పుడే చేయడానికి కారణముంది. పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, చేతికి నీరు కారకూడదు. ఆగస్టులో ఇదే మట్టి పొడి; దిమ్మిస ఎంత కొట్టినా దుమ్మే లేస్తుంది.

బయటి వైపు నేల మీకన్నా పల్లంగా లేదనుకోండి, గండి దండగ. అప్పుడు ట్రైల్‌నే పైకి లేపాలి. పన్నెండడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, అరడుగు ఎత్తు అంటే 18 ఘనపుటడుగుల కంకర. కొండ దారిలో వీల్‌బారోకి రెండు ఘనపుటడుగులకన్నా ఎక్కువ వేస్తే తోసేవాడి నడుము పోతుంది కాబట్టి తొమ్మిది బళ్ళు. దిమ్మిస కొట్టాక కుంగేదానికి ఇంకో రెండు. నాలుగేసి అంగుళాల పొరలుగా వేసి, పొర పొరకీ కొడతాం. కంకరంటే నున్నటి ఏటి గులకరాళ్ళు కాదు, అవి గోలీల్లా దొర్లుతాయి. ఇక్కడ ఐదు-ఎనిమిది మైనస్ అంటారు: 5/8 అంగుళం నుంచి పొడి దాకా కలిసున్న పగలగొట్టిన రాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది.

ఎగువన ఆ దుంగ పీకేసి, ఇరవై నుంచి యాభై అడుగులకోసారి దారిని కాస్త దించి ఎక్కిస్తాం, నీళ్ళు మీ దాకా రాకుండా అక్కడక్కడే దిగిపోయేలా. మీ భక్తులు పరిచిన కొమ్మలు వృథా కావు. అవన్నీ ఎత్తి, వాళ్ళు వేసిన పక్కదారికి అడ్డంగా పరిచి, నడుమ స్వోర్డ్ ఫెర్న్‌లు నాటుతాం.

దగ్గర్లోనే డ్యూతీ హిల్ ఉంది. కింగ్ కౌంటీ పార్కు, 120 ఎకరాలు, 2010లో తెరిచారు. 1989 నుంచి ఉన్న ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ వాలంటీర్ల చెమట అందులో చాలా ఉంది. ఖాళీ చేశాక అక్కడికి మారదామని ఆలోచిస్తుంటే ముందే చెప్తున్నాం, అక్కడా మెక్‌లియడ్‌లు ఉన్నాయి.

ఇట్లు,
తమరి దగ్గర ఇప్పటిదాకా నాలుగు చైన్లు, పదకొండు జతల ప్యాడ్లు సమర్పించుకున్న
వాలంటీర్లు

తా.క.: పని అయిన తర్వాత మొదటి పెద్ద వానకి మాలో ఒకరు గొడుగేసుకుని వచ్చి అరగంట నిలబడతారు. చేతిలో పార ఉండదు, కంగారు పడకండి. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటానికే.